నగరి దగ్గర ఆగిన బస్సు



తిరుపతి బస్టాండులో తమిళనాడు బస్సులు నిలిచే వైపు కాసేపు నిలబడితే, ఏ మాట తెలుగో ఏ మాట తమిళమో విడదీయడం కష్టం. బేరం తెలుగులో మొదలై తమిళంలో తెగుతుంది. అందులో వింతేమీ లేదు. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఈ ప్రాంతంలో పెద్ద భాగం ఉత్తర ఆర్కాడు జిల్లాలోదే. తిరుత్తణి 1960 దాకా చిత్తూరు జిల్లాలోనే ఉండి, ఆ ఏడాది ఏప్రిల్ 1న తమిళనాడు వైపు వెళ్లింది. గీత గీసినంత మాత్రాన చుట్టరికాలు తెగవు కదా! ఆడికృత్తికకు నగరి, పుత్తూరు జనం కావళ్లు ఎత్తుకుని తిరుత్తణికి పోతారు. పెరటాసి నెల వస్తే అక్కడివాళ్లు గుంపులు గుంపులుగా మన తిరుమల కొండకు వస్తారు. ఇక పౌర్ణమి వచ్చిందంటే చిత్తూరు, తిరుపతి నుంచి తిరువణ్ణామలై బస్సులు కిటకిటలాడతాయి. పద్నాలుగు కిలోమీటర్ల గిరిప్రదక్షిణ, మళ్లీ తెల్లవారే బస్సుకు తిరుగు ప్రయాణం.

2015లో ఏప్రిల్ 4 పౌర్ణమి. అది దాటి మూడు రోజులైంది. ఎక్కువగా అదే తిరువణ్ణామలై జిల్లా మనుషులు, ఆ పక్కనున్న ధర్మపురి జిల్లా మనుషులు, చంద్రగిరి మండలంలోని శేషాచలం అడవిలో శవాలై కనిపించారు. మొత్తం ఇరవై మంది.

ఏప్రిల్ 7, మంగళవారం. తెల్లవారుజాము. చోటు శ్రీవారి మెట్టుకు పోయే దారికి పైనున్న అడవి. శ్రీనివాసమంగాపురం దాటి వెళ్లి, 2,388 మెట్లెక్కి కొండకు చేరే భక్తులకు ఆ గుట్టలు తెలిసినవే. ఈతగుంట అనే చోట తొమ్మిది మంది, చీకటీగలకోన అనే చోట పదకొండు మంది. కాల్చింది ఎర్రచందనం స్మగ్లింగు నిరోధక టాస్క్‌ఫోర్స్. పోలీసులూ అటవీ సిబ్బందీ కలిసి పనిచేసే దళం అది. అప్పట్లో దాని అధిపతి డీఐజీ ఎం. కాంతారావు.

పోలీసులు చెప్పిన కథనం ఇది. రాత్రి కూంబింగులో ఉండగా వంద మందికి పైగా కూలీలు దుంగలతో ఎదురుపడ్డారు. లొంగిపొమ్మంటే వినలేదు. రాళ్లు రువ్వారు, గొడ్డళ్లతో, కత్తులతో మీదికొచ్చారు. ప్రాణరక్షణ కోసం కాల్పులు జరపక తప్పలేదు. దళంలో కొందరికి గాయాలయ్యాయని కూడా అన్నారు. దళంవైపు ప్రాణనష్టం లేదు.

ఆ సాయంత్రానికే టీవీ తెరల మీద బొమ్మలు వచ్చేశాయి. శవాల పక్కన దుంగలు. ఆ దుంగల్లో కొన్నింటి మీద అటవీశాఖ గోదాముల్లో వేసేలాంటి రంగు గుర్తులు కనిపిస్తున్నాయని, అవి అప్పుడే నరికిన పచ్చి దుంగల్లా లేవని విలేకరులు ఎత్తిచూపారు. పౌరహక్కుల సంఘం, మానవ హక్కుల వేదిక బృందాలు అడవికి వెళ్లి వచ్చి, రెండు చోట్లా ఒకే తీరుగా ఇంతమంది అక్కడికక్కడే చనిపోవడం, గాయాలు ఎక్కువగా ఛాతీకి పైనే ఉండడం ఎదురుకాల్పుల లెక్కకు కుదరడం లేదన్నాయి. వంద మంది చీకట్లో పరుగెత్తితే కాళ్లకు తగిలినవాళ్లు, వీపున తగిలినవాళ్లు, గాయాలతో బతికినవాళ్లు ఉండాలి కదా! ఈ ప్రశ్న అడగడానికి పెద్ద చదువు అక్కరలేదు.

అయితే ఆ వారం గడిచేలోపే వాదన దుంగల మీద నుంచి, గాయాల మీద నుంచి ఇంకో చోటికి మారింది. అడవి నుంచి బస్సు దగ్గరికి.

తమిళనాడులో ముగ్గురు మనుషులు నోరు విప్పారు. వాళ్లు మామూలు కూలీలు కాబట్టి ఇక్కడ పేర్లు అనవసరం. మదురైకి చెందిన పీపుల్స్ వాచ్ అనే హక్కుల సంస్థ వాళ్లను జాతీయ మానవ హక్కుల కమిషన్ ముందుకు తీసుకెళ్లింది. అందులో ఒకాయన చెప్పింది వింటే విషయమంతా తిరగబడుతుంది. తాను, తన ఊరివాళ్లు బస్సులో ఆంధ్రా వైపు వస్తున్నారు. నగరి, పుత్తూరు ప్రాంతంలో మఫ్టీలో ఉన్నవాళ్లు బస్సు ఆపి ఎక్కారు. తనతో వచ్చినవాళ్లను ఏరి కిందికి దింపారు. తన పక్క సీట్లో ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. ఆమెతో వచ్చినవాడనుకుని తనను వదిలేశారు. దింపినవాళ్ల పేర్లు తర్వాత శవాల జాబితాలో వచ్చాయి.

రెండో మనిషి, దారిలో మందు తాగడానికి ఆగిపోయి తనవాళ్ల వెంట వెళ్లలేకపోయానని, వాళ్లలో సొంత మనుషులు కూడా ఉన్నారని చెప్పాడు. మూడో మనిషి, తనను కూడా పట్టుకున్నారని, తప్పించుకుని వచ్చానని చెప్పాడు.

ఇవి ఆరోపణలు. టాస్క్‌ఫోర్స్ వీటిని ఒప్పుకోలేదు. కానీ ఈ మూడు వాంగ్మూలాలు నిజమైతే, ఏప్రిల్ 7 తెల్లవారుజామున జరిగినదాన్ని అడవిలో జరిగిన ఘర్షణగా చూడడం కుదరదు. ముందురోజు రోడ్డు మీద మొదలైన వ్యవహారంగా చూడాలి. బస్సు ఎక్కడ ఆగింది, ఎవరు ఆపారు, ఎవరిని దింపారు, దింపినవాళ్లను ఏ స్టేషనుకు తీసుకెళ్లారు, ఏ పుస్తకంలో రాశారు? ఇరవై మంది చావు గురించిన కేసంతా ఈ చిన్న ప్రశ్నల చుట్టూనే తిరిగింది. అడవిలో ఎవరూ చూడరు. బస్సులో చూస్తారు. పక్క సీటు మనిషి చూస్తాడు, కండక్టరు చూస్తాడు.

బస్సు ఆపి మనుషులను దింపడమంటే సైన్యం గుర్తుకు రావచ్చు కానీ, మన జిల్లాలో సైన్యం పెట్టిన చెక్‌పోస్టులు లేవు. ఉన్నవి పోలీసు తనిఖీలు, అటవీ చెక్‌పోస్టులు. భాకరాపేట ఘాటు కింద ఆగని లారీ లేదు. కరకంబాడి, మామండూరు, బాలపల్లె దారుల్లో టార్చిలైటు వెలుగు ముఖం మీద పడని రాత్రి డ్రైవరు లేడు. తిరుపతివాళ్లకయితే అలిపిరి సంగతి చెప్పే పనే లేదు. 2003 అక్టోబరు 1న అక్కడ అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు మీద క్లెమోర్‌ మైన్లు పేల్చిన తర్వాత, బండి ఆపి సంచి విప్పడం కొండకు పోవడంలో ఒక భాగమైపోయింది. తనిఖీ అంటే జనానికి కోపం లేదు. ఆపిన మనిషి ఏమయ్యాడన్నదానికి జవాబు లేనప్పుడే కోపం వస్తుంది.

అట్లా వచ్చిన కోపం ఏప్రిల్ 7 సాయంత్రం నుంచే తమిళనాడు రోడ్ల మీదికి ఎక్కింది. ఆంధ్రా ఆర్టీసీ బస్సుల మీద రాళ్లు పడ్డాయి. అద్దాలు పగిలాయి. సంస్థ తమిళనాడుకు సర్వీసులు ఆపేసింది. సరిహద్దు దగ్గర ప్రయాణికులను దించేసి బండ్లు వెనక్కి తిరిగాయి. చెన్నైలో చంద్రబాబు కుటుంబానికి చెందిన హెరిటేజ్ దుకాణాల మీద దాడులు జరిగాయి. న్యాయవాదులు కోర్టులు బహిష్కరించారు. డీఎంకే, పీఎంకే, ఎండీఎంకే, వీసీకే, నామ్ తమిళర్... ఒకరితో ఒకరికి పడని పార్టీలన్నీ ఒకే మాట మీదికి వచ్చాయి. అప్పటి తమిళనాడు ముఖ్యమంత్రి పన్నీర్‌సెల్వం చంద్రబాబుకు లేఖ రాశారు, విచారణ కోరారు, మృతుల కుటుంబాలకు మూడేసి లక్షలు ప్రకటించారు.

బస్సు మీద రాయి వేసినవాడికి, లోపల కూర్చున్నది ఎవరో తెలియదు. ఆ రోజుల్లో ఆ బస్సుల్లో ఉన్నది వేలూరు ఆసుపత్రికి పోయే రోగులు, చెన్నైలో కూలికి పోయే కుప్పం జనం, తిరుమల దర్శనం చేసుకుని వెళ్లే తమిళ భక్తులు. గోడు ఎంత న్యాయమైనదైనా, రాయి తగిలేది మాత్రం దానితో సంబంధం లేనివాడికే. ఇటువైపున తెలుగు టీవీ చర్చల్లో దీన్ని ‘తమిళులు వర్సెస్ తెలుగువాళ్లు’గా మార్చినవాళ్లూ తక్కువ తినలేదు. మన చెట్లు వాళ్లు కొట్టుకుపోతుంటే చూస్తూ కూర్చోవాలా అన్న ప్రశ్న తిరుపతి టీ బంకుల్లో చాలామంది అడిగారు. అడిగినవాళ్లంతా రాక్షసులేమీ కాదు. ఆ ప్రశ్న వెనుక ఒక గాయం ఉంది. దాన్ని దాచిపెట్టి ఈ కథ చెప్పడం కూడా తప్పే.

2013 డిసెంబరులో ఇదే శేషాచలం అడవిలో ఇద్దరు అటవీ అధికారులను ఎర్రచందనం కూలీల గుంపు చంపేసింది. గస్తీకి వెళ్లిన ఉద్యోగులు వాళ్లు. చేతిలో చెప్పుకోదగ్గ ఆయుధాలు లేని శాఖ అది. ఆ చావులు తిరుపతి ప్రాంత అటవీ సిబ్బందిలో ఎంత భయాన్ని, ఎంత పగను నింపాయో వేరే చెప్పనక్కరలేదు. టాస్క్‌ఫోర్స్ పుట్టుకకు, దాని చేతికి తుపాకులు రావడానికి ఆ డిసెంబరే మూలం. 2015 ఏప్రిల్‌లో అప్పటి అటవీ మంత్రి, శ్రీకాళహస్తి ఎమ్మెల్యే బొజ్జల గోపాలకృష్ణారెడ్డి టాస్క్‌ఫోర్స్‌ను వెనకేసుకొచ్చినప్పుడు ఆ ఇద్దరు అధికారుల సంగతి అందరి మనసులోనూ ఉంది.

కానీ ఆ కేసు చివరికి ఏమైందో చూడండి. ఇద్దరు అధికారుల హత్య కేసులో రెండు వందల ఎనభై మందికి పైగా తమిళ కూలీలను ముద్దాయిలుగా చేర్చారు. ఒక హత్య కేసుకు ఇంతమంది ముద్దాయిలా అని ఎవరికైనా అనిపిస్తుంది. చాలామంది ఏళ్ల తరబడి జైల్లో మగ్గారు. 2016లో తిరుపతి కోర్టు వాళ్లను నిర్దోషులని వదిలేసింది. అంటే అడవిలో ప్రాణాలు పోగొట్టుకున్న ఆ ఇద్దరు ఉద్యోగుల కుటుంబాలకు కూడా న్యాయం దక్కలేదు. ఎవరు చేశారో తేల్చే దర్యాప్తు జరగాల్సిన చోట, దొరికినవాళ్లందరినీ గంపగుత్తగా కలిపేయడం జరిగింది. గంపగుత్త అరెస్టు, గంపగుత్త కాల్పులు ఒక తల్లి బిడ్డలే. రెండింటిలోనూ విడి మనిషి ఎవరన్నది పోలీసులకు పట్టదు.

ఇంతకీ ఈ చెట్టు కోసం ఎందుకింత? ఎర్రచందనం ప్రపంచంలో సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండలు, ఆ చుట్టుపక్కల. సువాసన ఉండదు, కాబట్టి పేరులోని చందనం చూసి మోసపోకూడదు. ఎర్రటి చేవ దాని విలువ. ఆ చేవ ముదరడానికి దశాబ్దాలు పడుతుంది. చైనాలో పాతకాలపు రాజుల శైలి కుర్చీలు, మంచాలు చేస్తారు. జపాన్‌లో సంగీత వాద్యాలకు వాడతారు. 1995లోనే దీన్ని అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం రెండో జాబితాలో చేర్చారు. 2010 సెప్టెంబరులో శేషాచలం కొండలను జీవావరణ రిజర్వుగా ప్రకటించారు. రక్షణ పెరిగే కొద్దీ దొంగ సరుకు ధర పెరిగింది. పట్టుబడిన దుంగలను ప్రభుత్వం 2014లో ప్రపంచస్థాయి ఈ-వేలానికి పెడితే, ఆ వచ్చిన ధరలు చూసి టన్ను విలువ లక్షల్లో ఎలా ఉంటుందో జనానికి తెలిసింది.

ఆ లక్షల్లో గొడ్డలి పట్టినవాడి వాటా ఎంత? ఈ వ్యాపారంలో మనుషులు మెట్లు మెట్లుగా ఉంటారు. పైన విదేశంలో కొనేవాడు, వాడి కింద చెన్నైలోనో బెంగళూరులోనో ఓడరేవు దాటించేవాడు, వాడి కింద మన ఊళ్లలోని స్మగ్లరు, బండికి ముందు దారి చూసుకుంటూ పోయే పైలట్, మనుషులను తోలుకొచ్చే మేస్త్రీ. అన్నిటికంటే కింద కూలీ. జవ్వాది కొండలు, సిత్తేరి కొండల్లో బతికే మలయాళి గిరిజనులు, ఆ కింది ఊళ్లలోని పేద వన్నియార్లు ఎక్కువగా ఈ పనికి దొరికారు. వానాధారం మీద సామలు పండించే కొండ ఊళ్లు అవి. పని లేని నెలల్లో కేరళకో, కూర్గు తోటలకో పోయే జనం. చెట్టు కొట్టడంలో వాళ్ల నేర్పు పాతది. మేస్త్రీ వచ్చి అడ్వాన్సు చేతిలో పెడితే, ఏ కొండకు ఏ పనికి అన్నది సగం మందికి తెలిసే బయల్దేరతారు, సగం మందికి అడవి అంచుకు వచ్చాకే తెలుస్తుంది. తెలిసి వచ్చినవాడూ దొంగే కావచ్చు. అడవి చట్టం కింద శిక్ష పడవచ్చు. ఆ చట్టంలో చెట్టు నరికినవాడికి మరణశిక్ష ఎక్కడా లేదు.

ఇక్కడ చట్టం సంగతి కొంచెం నిదానంగా వినాలి. అప్పుడు అమల్లో ఉన్న క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 46వ సెక్షన్ ఒక గీత గీసింది. అరెస్టును ఎదిరించేవాడి మీద అవసరమైనంత బలం వాడవచ్చు. కానీ మరణశిక్షో యావజ్జీవమో పడే నేరం ఆరోపణ లేని మనిషిని అరెస్టు పేరుతో చంపే హక్కు ఎవరికీ రాదు. ఆత్మరక్షణ హక్కు పోలీసుకూ ఉంటుంది, మామూలు మనిషికి ఉన్నట్టే. ఆత్మరక్షణ అన్నది కోర్టులో నిరూపించుకోవాల్సిన వాదన. పత్రికా ప్రకటనతో ముగిసిపోయేది కాదు. 1997లో జస్టిస్ వెంకటాచలయ్య అధ్యక్షుడిగా ఉన్నప్పుడు జాతీయ మానవ హక్కుల కమిషన్ ఎన్‌కౌంటర్ చావుల మీద రాష్ట్రాలన్నిటికీ లేఖ రాసింది. ఆ మార్గదర్శకాలకు కారణం మన రాష్ట్రం నుంచి పౌరహక్కుల సంఘం పంపిన ఫిర్యాదులే. దేశానికి ఈ విషయంలో పాఠం చెప్పించింది తెలుగునేలే అనుకోవచ్చు, గర్వపడాల్సిన కారణంతో కాకపోయినా.

2014 సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు పీయూసీఎల్ కేసులో ఇంకా గట్టిగా చెప్పింది. పోలీసు కాల్పుల్లో ఎవరైనా చనిపోతే ఎఫ్‌ఐఆర్ తప్పదు. దర్యాప్తు సీఐడీ గానీ, వేరే స్టేషను బృందం గానీ చేయాలి. మెజిస్టీరియల్ విచారణ జరగాలి. అనుమానాలు తీరేదాకా కాల్చినవాళ్లకు శౌర్య పతకాలు, ప్రమోషన్లు ఇవ్వకూడదు. ఈ తీర్పు వచ్చి ఏడు నెలలైనా కాకముందే శేషాచలం ఘటన జరిగింది. చంద్రగిరి స్టేషనులో మొదట కేసు నమోదైంది చనిపోయినవాళ్ల మీదే.

ఇదే ఏప్రిల్ 7న తెలంగాణలో ఆలేరు దగ్గర, వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు తీసుకెళ్తున్న ఐదుగురు విచారణ ఖైదీలను పోలీసు వ్యానులోనే కాల్చి చంపారు. బేడీలతో ఉన్నవాళ్లు తుపాకులు లాక్కోబోయారని చెప్పారు. ఒకే రోజు, కొన్ని గంటల తేడాతో, రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇరవై ఐదు మంది.

అప్పటికి రెండు రాష్ట్రాలకూ ఒకటే హైకోర్టు, హైదరాబాదులో. పౌరహక్కుల సంఘం అక్కడ పిటిషన్ వేసింది. చనిపోయినవాళ్లలో ఒకరి భార్య తన భర్తను ఎత్తుకుపోయి చంపారని ఫిర్యాదు ఇచ్చింది. కోర్టు జోక్యం తర్వాత చంద్రగిరి స్టేషనులో టాస్క్‌ఫోర్స్ మీద అపహరణ, హత్య సెక్షన్లతో కేసు నమోదైంది. ప్రత్యేక దర్యాప్తు బృందం వేశారు. తిరువణ్ణామలై జిల్లాలో ఆరు కుటుంబాలు అంత్యక్రియలు చేయకుండా పట్టుపట్టాయి. తిరుపతి రుయా ఆసుపత్రిలో చేసిన పోస్టుమార్టం మీద నమ్మకం లేదని, మళ్లీ చేయించమని అడిగాయి. ఇటు కోర్టు, అటు మద్రాసు హైకోర్టు... మధ్యలో శవాలు. చివరికి హైదరాబాదు నుంచి వైద్యులు తిరువణ్ణామలై వెళ్లి ఆ ఆరు శవాలకు రెండోసారి పరీక్ష చేశారు. అప్పటికి పదకొండు రోజులైంది. ఏప్రిల్ ఎండల్లో, మార్చురీలో. ఆ కుటుంబాల ఆడవాళ్లు అన్ని రోజులు దేనికోసం నిలబడ్డారో ఆలోచిస్తే, రాళ్లు వేసిన గుంపుల కంటే వాళ్ల నిరసనే ప్రభుత్వాన్ని ఎక్కువ ఇబ్బంది పెట్టిందనిపిస్తుంది. పగిలిన అద్దాలకు బీమా ఉంటుంది. పూడ్చని శవానికి జవాబు చెప్పాలి.

మానవ హక్కుల కమిషన్ సీబీఐ దర్యాప్తు కావాలంది, ఒక్కో కుటుంబానికి ఐదు లక్షల మధ్యంతర పరిహారం సిఫార్సు చేసింది. రాష్ట్ర ప్రభుత్వం ఆ సిఫార్సును హైకోర్టులో సవాలు చేసింది.

దేశంలో మిగతాచోట్ల సైన్యం దారుల్లో కాల్పులు జరిపిన ఘటనలతో పోల్చి చూస్తే, శేషాచలం సంగతి ఇంకొంచెం తేటపడుతుంది. ఇదే కాలంలో, 2014 నవంబరు 3న, కశ్మీరులో బడ్గాం జిల్లా ఛత్తర్‌గాం దగ్గర సైనికులు ఒక తెల్ల మారుతి కారు మీద కాల్పులు జరిపారు. ఇద్దరు కుర్రవాళ్లు చనిపోయారు. ఆపమంటే ఆపలేదని మొదట అన్నారు. ఊళ్లు భగ్గుమన్నాయి. కొద్ది రోజుల్లోనే ఉత్తర కమాండ్ అధిపతి లెఫ్టినెంట్ జనరల్ డి.ఎస్. హుడా బయటికొచ్చి ఇది పొరపాటేనని, బాధ్యత తమదేనని ఒప్పుకున్నారు. సైన్యం అట్లా ఒప్పుకోవడం అరుదు. ఆ ఒక్క ఒప్పుకోలు లోయలో మంటను కొంతైనా తగ్గించింది.

విచారణకు దారి మూసేస్తే ఏమవుతుందో నాగాలాండ్ చూపింది. 2021 డిసెంబరు 4న మోన్ జిల్లా ఓటింగ్ గ్రామం దగ్గర, బొగ్గు గనిలో పని ముగించుకుని పికప్ వ్యానులో ఇంటికి వెళ్తున్న కూలీల మీద సైన్యానికి చెందిన పారా కమాండోలు మాటువేసి కాల్చారు. ఆరుగురు అక్కడే చనిపోయారు. వెతుక్కుంటూ వచ్చిన ఊరివాళ్లకు తమవాళ్ల శవాలు సైనికుల బండిలో కనిపించాయి. గొడవ జరిగింది, మళ్లీ కాల్పులు, ఇంకో ఏడుగురు, ఒక సైనికుడు. మర్నాడు మోన్ పట్టణంలో అస్సాం రైఫిల్స్ శిబిరం మీదికి వెళ్లిన జనంలో ఇంకొకరు. మొత్తం పద్నాలుగు మంది పౌరులు. వ్యానును ఆగమని సైగ చేస్తే తప్పించుకుపోబోయిందని హోంమంత్రి అమిత్ షా పార్లమెంటులో చెప్పారు. బతికి బయటపడిన కూలీ, తమను ఆగమని ఎవరూ అనలేదన్నాడు. నాగాలాండ్ పోలీసు దర్యాప్తు బృందం ముప్పై మంది సైనికుల మీద అభియోగపత్రం వేసింది. విచారణకు అనుమతి ఇవ్వడానికి కేంద్రం నిరాకరించింది. 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ కేసు మూసేసింది. సాయుధ బలగాల ప్రత్యేకాధికారాల చట్టం అక్కడ అమల్లో ఉంది కాబట్టి కేంద్రం అనుమతి తప్పనిసరి.

చిత్తూరులో ఆ చట్టం లేదు. ఎన్నడూ లేదు. అయినా ఆగమన్నారా లేదా, దింపారా లేదా అన్న వాదన అక్కడా ఇక్కడా ఒకే తీరుగా నడిచింది. రెండు చోట్లా చనిపోయినవాళ్లు కూలికి పోయి వచ్చే కొండజాతి మనుషులో, వాళ్ల పక్కింటివాళ్లో కావడం కాకతాళీయం అనుకోలేం. ఖరీదైన కారులో పోయేవాడిని ఏ తనిఖీ బృందమూ ఏరి కిందికి దింపదు. బస్సులో గళ్ల లుంగీ, చేతిలో గోనెసంచి, నోట తమిళం... అప్పట్లో రేణిగుంట, తిరుపతి దారుల్లో ఇవే ఆనవాళ్లు. అసలు తాపీ పనికి, పెయింటింగు పనికి వచ్చినవాళ్లు కూడా ఆ రోజుల్లో రైల్వే స్టేషన్ల దగ్గర పట్టుబడ్డారని ఫిర్యాదులు వచ్చాయి.

శేషాచలం తర్వాత కూలీల రాక ఆగిందా అంటే లేదు. దారులు మారాయి, అంతే. 2018 ఫిబ్రవరిలో కడప జిల్లా ఒంటిమిట్ట చెరువులో ఐదుగురు తమిళ కూలీల శవాలు తేలాయి. తనిఖీ బృందాల వైపు కూడా చావులు ఆగలేదు. 2024 ఫిబ్రవరిలో అన్నమయ్య జిల్లా కేవీపల్లి మండలంలో వాహనాలు తనిఖీ చేస్తున్న టాస్క్‌ఫోర్స్ కానిస్టేబులును స్మగ్లర్ల కారు గుద్ది చంపేసింది. ముప్పై దాటిన వయసు, ఇంట్లో చిన్న పిల్లలు. రాత్రి రోడ్డు మీద నిలబడి బండి ఆపే ఉద్యోగం ఎంత ప్రమాదకరమో ఆ ఘటన చెబుతుంది. ఆ కానిస్టేబులు చావులో ఎవరు గుద్దారో, ఏ కారో, ఎన్ని గంటలకో అన్నీ రికార్డయ్యాయి. అరెస్టులు వెంటనే జరిగాయి. తమ మనిషి చనిపోయినప్పుడు దర్యాప్తు ఎలా చేయాలో పోలీసులకు బాగా తెలుసు.

నగరి దగ్గర ఆగిన ఆ బస్సు విషయంలోనూ చేయాల్సిందేమిటో చట్టంలో రాసే ఉంది. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 2010 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన 41బీ సెక్షన్ ప్రకారం అరెస్టు చేసే పోలీసు తన పేరు స్పష్టంగా కనిపించేలా బ్యాడ్జీ పెట్టుకోవాలి. అక్కడికక్కడే మెమో రాయాలి. ఇంటిమనిషో, ఆ చోట ఉన్న ఒక పెద్దమనిషో సాక్షి సంతకం పెట్టాలి. బస్సులోనైతే కండక్టరును అడగవచ్చు. పట్టుకున్న మనిషి కూడా కింద సంతకం పెట్టాలి. 41సీ ప్రకారం ప్రతి జిల్లాలో పోలీసు కంట్రోల్ రూమ్ ఉండాలి, దాని బయట నోటీసు బోర్డు ఉండాలి, పట్టుబడినవాళ్ల పేరూ ఊరూ, పట్టుకున్న అధికారుల పేరూ హోదా ఆ బోర్డు మీద పెట్టాలి. 2024 జులై 1 నుంచి పాత కోడ్ స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో ఇవి 36, 37 సెక్షన్లు అయ్యాయి. సోదాను, స్వాధీనం చేసుకోవడాన్ని సెల్‌ఫోనులోనైనా వీడియో తీయాలని 105వ సెక్షన్ అదనంగా చేర్చింది. తిరుపతి జిల్లా, చిత్తూరు జిల్లా వేరువేరయ్యాక ఇప్పుడు కంట్రోల్ రూములు రెండు, బోర్డులూ రెండు ఉండాలి. ఎర్రచందనం కేసుల్లో పట్టుబడేవాళ్ల ఊళ్లు ఎక్కువగా తమిళనాడులోవి కాబట్టి, ఆ పేర్లు తెలుగుతో పాటు తమిళంలోనూ రాయడం పెద్ద ఖర్చేమీ కాదు. తిరుమలలో టీటీడీ ఎన్నో ఏళ్లుగా బోర్డులు అట్లాగే రాయిస్తోంది.